గడప దాటని పరుగు

మా మామగారు పరుగెడతారు. ఈ మాట ఎవరితో అన్నా ముందు నవ్వుతారు. తర్వాత మర్యాదకి మొహం సర్దుకుని, "పొద్దున్నే అలా నడిచొస్తారా?" అని అడుగుతారు. నడవడం కాదు, పరుగే. ఆయనకి తొంభై రెండు. నాకు అరవై దాటాయి, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మేడమెట్లు ఎక్కాలంటే మెట్టుకో మూలుగు. కింద నుంచి ఆయన, "ఏం కావాలమ్మాయ్, నే తెచ్చిపెట్టనా?" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. మామగారు మేడ మీది నుంచి కోడలికి బట్టలు తెచ్చిపెడుతుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఆయనకి ఆ చింతేమీ లేదు. రెండేసి మెట్లు దిగుతూ వస్తారు.

మాది సందు మొదట్లో ఇల్లు. వీధి గదిలో నా కుట్టు మిషను. కిటికీ పక్కనే కూర్చుంటాను కాబట్టి సందులో ఎవరొచ్చినా ఎవరెళ్ళినా నా కంటపడకుండా పోరు. మామగారి పరుగు కూడా మొదట అలాగే కంటపడింది. ఒకరోజు పొద్దున రవిక చేతులు అతుకుతూ తలెత్తి చూద్దును కదా, పంచెను మోకాళ్ళ పైకి ఎగ్గట్టి ఒక ముసలాయన సందులో దూసుకుపోతున్నారు. ఎవరో దొంగ వెంటపడ్డారనుకున్నాను. మళ్ళీ వెనక్కి వచ్చారు. చూస్తే మా మామగారే. నా సూది రవిక వదిలేసి వేలికి దిగింది.

ఆయన ఉద్యోగమే పరుగు. ఇప్పటివాళ్ళకి చెబితే నమ్మరు. ఆ రోజుల్లో ఊళ్ళో రెండు సినిమా హాళ్ళు, ఆ చివర పెద్ద హాలు, ఈ చివర కొత్త హాలు. రెంటికీ కలిపి సినిమా ఒక్కటే వచ్చేది. పెద్ద హాల్లో ఆట ముందు మొదలయ్యేది, అక్కడ ఒక రీలు అయిపోగానే దాన్ని డబ్బాలో పెట్టి కొత్త హాలుకి చేర్చాలి. చేర్చే మనిషి మా మామగారు. ఎడం చంకలో డబ్బా, కుడిచేత్తో జనాన్ని తప్పించుకోవడం, అంతే. ఒక్క నిమిషం ఆలస్యమైతే అక్కడ తెర మీద తెల్లటి వెలుతురు తప్ప ఏమీ ఉండదు. జనం ఈలలు, కుర్చీల బాదుడు. హీరోయిన్ ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో ఆగిపోయిందంటే ఆ పాపం అంతా మామగారి నెత్తిన పడేది. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ పని మానేసి చాలాకాలమైంది కానీ, ఆయన పాత చొక్కాలన్నీ ఎడంవైపు చంక కిందే చిరిగి ఉండేవి. మా అత్తగారు వేసిన మాసికల మీద నేను మాసికలు వేశాను.

కొత్త హాల్లో ఆడేసిన రీళ్ళు తర్వాతి ఆటకి మళ్ళీ పెద్ద హాలుకి చేరాలి కదా. ఆ పని ఇంకొకాయనది. ఈయన ఇటు పరుగెడుతుంటే ఆయన అటు. రోజుకి ఎన్నోసార్లు సరిగ్గా మందుల షాపు ముందు ఇద్దరూ ఎదురుపడేవాళ్ళు. ఆగి మాట్లాడుకునే తీరిక ఎక్కడిది? "ఏమోయ్!" అంటే "ఏమోయ్!" అనుకుని చెరో దిక్కూ పోయేవాళ్ళు. అందుకే మా ఇంట్లో ఆయన పేరు ఎదురాయన. అసలు పేరు మా ఆయనకి తెలీదు, నాకూ తెలీదు. మామగారికి తెలిసినా ఎప్పుడూ వాడలేదు.

వీధి వీధంతా వాదన ఒక్కటే. ఇద్దరిలో ఎవరు జోరు? టీ కొట్టాయన మామగారి పక్షం, మందుల షాపాయన ఎదురాయన పక్షం. ఈ గొడవలో ఆ షాపువాళ్ళిద్దరూ కొన్నాళ్ళు మాటలు కూడా మానేశారట. కానీ తేలేదెలా? ఒకే దిక్కుకి పరుగెత్తితే కదా ఎవరు ముందో తెలిసేది! ఇద్దరూ ఎదురెదురుగా పరుగెత్తారు, అలాగే హాళ్ళు మూతపడ్డాయి, అలాగే ముసలివాళ్ళైపోయారు. వాదన మాత్రం ముసలిది కాలేదు.

రెండేళ్ళ కిందట కళ్ళాసుపత్రి వరండాలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. కళ్ళల్లో చుక్కల మందు వేశారు కాబట్టి ఎవరికి ఎవరూ కనపడలేదు. మామగారు ఎందుకో దగ్గారు. పక్కాయన, "ఏమోయ్!" అన్నాడు. అంతే, కళ్ళు మూసుకునే ఇద్దరూ అక్కడికక్కడ మళ్ళీ మొదలుపెట్టారు.

"నేనే ముందుండేవాణ్ణి" అన్నారు మామగారు.

"నీ మొహం. మందుల షాపు నా వైపు నుంచి దూరం."

"ఎక్కడ దూరం? మధ్యలోనేగా ఉంది?"

"మధ్యలో ఉందని నువ్వు కొలిచావా?"

నర్సు వచ్చి ఇద్దరినీ కసిరింది. తోడు వెళ్ళిన నేను తలదించుకున్నాను. తిరిగొస్తుంటే గేటు దగ్గర గోడమీద వాల్‌పోస్టర్ కనిపించింది. పెద్దవాళ్ళకి పరుగు పందాలట, ఎనభై పైన ఒక గుంపు, తొంభై పైన ఇంకో గుంపు, వంద మీటర్లు. మామగారు కళ్ళు సరిగ్గా కనపడక నాచేతే రెండుసార్లు చదివించుకున్నారు.

మర్నాడే మామగారు మైదానం ఆఫీసుకి వెళ్ళి ఇద్దరినీ రాయించబోయారు. అక్కడి గుమాస్తా, "ఆయనకి ఎనభై ఎనిమిదే కదా తాతగారూ! తొంభైవాళ్ళతో కుదరదు, చిన్న గుంపులో పరుగెత్తాలి" అన్నాడు. మామగారు ఒంటికాలి మీద లేచారు. ఏం లాభం? ఎదురాయన, "ఆ కుర్రాళ్ళతో నాకేం పని? తొంభై నిండాకే వస్తాలే" అన్నాడు. ఇక అప్పటి నుంచి మా మామగారికి ఒకటే ఎదురుచూపు. మనుషులు మనవడి పెళ్ళికి ఎదురుచూస్తారు, ఇల్లు పూర్తవడానికి ఎదురుచూస్తారు. ఈయన వేరే మనిషికి తొంభై నిండడానికి ఎదురుచూశారు. ఎదురాయనకి జలుబు చేసిందని తెలిస్తే ఈయనకి అన్నం సయించేది కాదు.

"అతనికేమైనా అయితే ఎలా అమ్మాయ్? నేనిక ఎప్పటికీ తెలుసుకోలేను" అన్నారు ఒకసారి.

నవ్వుదామనుకుని ఆయన మొహం చూసి ఊరుకున్నాను. ఆ మనిషికి జీవితంలో తెలుసుకోవాల్సింది అదొక్కటే మిగిలింది. మిగతావన్నీ అయిపోయాయి. అత్తగారు పోయారు, హాళ్ళు పోయాయి, కొత్త హాలు ఉన్నచోట ఇప్పుడు కార్లు నిలుపుకుంటున్నారు.

ఈలోపు ఊరికే కూర్చోవడం ఎందుకని పోయినేడాది అలవాటు కోసం పందెంలో దిగారు. నిక్కర్లు నేనే కుట్టాను. ఈ వయసులో మామగారికి నిక్కరు కొలతలు తీసుకోవలసి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు, నేను కిటికీ వైపు తిరిగి టేపు పట్టాను. కుదిరింది మాత్రం బాగా కుదిరింది.

ఆ పందెంలో ముగ్గురే. మామగారు అందరికంటే ముందు వచ్చేశారు. వచ్చి, గీతకి ఒక్క అడుగు ఇవతల టక్కున ఆగిపోయారు. ఆగి, ఎడంచెయ్యి గీత మీదుగా ముందుకి చాపి, అలాగే నిలబడ్డారు. చెయ్యి దాటితే సరిపోదట, ఒళ్ళు దాటాలట. నేను గొంతు చించుకుని అరిచాను. ఉలుకూ పలుకూ లేదు. ఈలోపు వెనకాల వస్తున్న రిటైరైన లెక్కల మాస్టారు, "కాస్త తప్పుకుంటారా?" అని అడిగి, పక్కనుంచి నింపాదిగా గీత దాటి గెలిచేశారు.

ఇంటికి రాగానే నేను మొదలుపెట్టాను. "ఎందుకు ఆగారండీ?"

"నేనెక్కడ ఆగాను?" అన్నారు మామగారు.

"ఊరంతా చూసింది!"

"ఊరికేం తెలుసు? నేను చేరిపోయాను. చేరాక ఇంకా పరుగేమిటి?"

ఆయనతో వాదించడం గోడకి చెప్పుకోవడమే. రాత్రి అన్నాల దగ్గర మా ఆయన, నాలుగు ముక్కలు మాట్లాడితే ఐదో ముక్కకి అలసిపోయే మనిషి, నెమ్మదిగా అసలు సంగతి చెప్పారు. కొత్త హాల్లో బొమ్మ వేసే ఆపరేటర్ ఒట్టి కోపిష్టి. గదిలో మిషను వేడి, నేలమీద ఫిల్ము చుట్టలు. దుమ్ము కాళ్ళతో గడప దాటి లోపల అడుగుపెట్టారో, ఇంతెత్తున లేచేవాడు. మొదట్లో మామగారు ఒకసారి పరుగు ఆపుకోలేక లోపలికి దూసుకుపోయి ఫిల్ము తొక్కారట. ఆ రోజు తిన్న తిట్లు ఈ జన్మకి సరిపోయాయి. అప్పటి నుంచి గడప దగ్గర టక్కున ఆగడం, ఎడంచేత్తో డబ్బా లోపలికి చాపడం, ఆపరేటర్ అందుకునేదాకా కదలకపోవడం. ఇరవై ఏళ్ళపాటు ఆ కాళ్ళు అదే నేర్చుకున్నాయి. ఆయన మనసుకి తెలీకుండానే, కనపడిన గీతనల్లా కాళ్ళు గడప అనుకుంటున్నాయి.

ఇది తెలిశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఈ ఏడాది ఎదురాయనకి తొంభై నిండుతున్నాయి. జీవితమంతా ఎదురుచూసిన పందెంలో ఈయన మళ్ళీ గీత దగ్గర బొమ్మలా నిలబడితే ఎలా? బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క తీసుకుని సందులో అడ్డంగా గీత గీశాను. "దాటండి" అన్నాను. దాటలేదు. కసిరాను. దాటలేదు. బతిమాలాను. దాటానంటారు, చూస్తే గీతకి ఇవతలే ఉంటారు. తలప్రాణం తోకకి వచ్చింది. సందులో వాళ్ళంతా అరుగుల మీద చేరి వేడుక చూడడం మొదలుపెట్టారు.

ఒకరోజు విసుగుపుట్టి గీతకి అవతల నాలుగు అడుగుల దూరంలో నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాను. ఆయన వచ్చి ఆగారు. చెయ్యి చాపారు. ఆ చెయ్యి చూస్తే ఏమనిపించిందో, నా రెండు చేతులూ చాపి, "ఇటివ్వండి" అన్నాను.

వచ్చేశారు! గీత తొక్కి, దాటి, నాలుగు అడుగులు వేసి, ఎడం చంకలోంచి ఖాళీ గాలిని తీసి జాగ్రత్తగా నా చేతుల్లో పెట్టారు. పెట్టాక ఆయనకే తెలిసింది ఏం చేశారో. నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను. ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. ఒకే కప్పు కింద నలభై ఏళ్ళున్నాం. ఉప్పు తక్కువైందనీ కరెంటు పోయిందనీ తప్ప మాట్లాడుకున్నది లేదు. కలిసి నవ్వడం అదే మొదలు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆపరేటర్ ఉద్యోగం నాది. మోకాళ్ళ నొప్పి ఉన్నా నిలబడటానికి ఏం? ఇస్త్రీ పెట్టె ఆపేసి వెళ్ళి నిలబడేదాన్ని. నేను చేతులు చాపితే దాటేవారు, చాపకపోతే ఆగేవారు. అంత కచ్చితం.

పందెం రోజు వచ్చింది. మైదానంలో ఎండ కాస్త తగ్గాక తొంభై గుంపుని పిలిచారు. ఎదురాయన్ని నేను సరిగ్గా చూడడం అదే. కర్రపుల్లలా ఉన్నాడు, చెవుల దగ్గర తెల్ల జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. వాచీలు బాగుచేసే షాపు మీద ఒంటిగదిలో ఉంటాడట. పెళ్ళి చేసుకోలేదు. చొక్కాకి అంటించిన నెంబరు కాగితం ఒక్క పిన్నుతో వేలాడుతోంది.

నేను మామగారి నెంబరు సూదీ దారంతో టాకా వేసి తెచ్చాను. పిన్నులంటే నాకు నమ్మకం లేదు. ఎదురాయన చొక్కాకి వేలాడే కాగితం చూస్తే చెయ్యి ఊరుకోలేదు. "ఇలా రండి బాబాయ్‌గారూ" అని నిలబెట్టి నాలుగు మూలలా కుట్టేశాను.

"మీ మామ అదృష్టవంతుడమ్మా" అన్నాడాయన, గడ్డం పైకెత్తి నిలబడి. "నాకు గుండీ ఊడితే చొక్కా మార్చుకోవడమే."

"కబుర్లు చాలు, రావోయ్" అన్నారు మామగారు.

నేను నా మోకాళ్ళని లాక్కుంటూ గీత అవతలికి వెళ్ళి నిలబడ్డాను. అక్కడి కుర్రది ఒకామె, ఈలా జెండా పట్టుకున్నావిడ, "మీరిక్కడ ఉండకూడదు ఆంటీ" అంది. "నేనిక్కడ ఉండకపోతే మీ పందెం తెమలదమ్మా" అన్నాను. ఏమనుకుందో, దారికి కాస్త పక్కగా నిలబడమంది.

ఢామ్మని శబ్దం. నలుగురు కదిలారు. నాలుగో ఆయన రెండడుగులు వేసి, చూడటానికి వచ్చిన మనవరాలికి చెయ్యి ఊపుతూ ఆగిపోయాడు. లెక్కల మాస్టారు తన లెక్క ప్రకారం నింపాదిగా వస్తున్నారు. ముందు మాత్రం మా వాళ్ళిద్దరే. ఒకే దిక్కుకి, పక్కపక్కనే. జీవితంలో మొదటిసారి.

ఒకసారి మామగారు ముందు, ఒకసారి ఎదురాయన ముందు. జనం లేచి నిలబడ్డారు. "పాపం, ఇద్దరికీ ఎడంచెయ్యి పడిపోయినట్టుంది" అంది నా వెనక ఎవరో. చూశాను. నిజమే, ఇద్దరి ఎడంచెయ్యీ ఒకేలా ఒంటికి అతుక్కుని మడిచి ఉంది. అప్పుడు తట్టింది నాకు. అయ్యో, పెద్ద హాలుకి మాత్రం గడప లేదా? అక్కడ మాత్రం ఆపరేటర్ లేడా?

ఇంకేం చేసే వ్యవధి లేదు. చేతులు చాపి అరిచాను. "ఇటివ్వండి మామయ్యగారూ!"

ఇద్దరూ ఒక్కసారే గీత దగ్గరికి వచ్చారు. ఒకరు ముందని చెప్పడానికి నా నోరు రాదు. మామగారు నా చేతులు చూసి గీత దాటి వచ్చేశారు. ఎదురాయన టక్కున ఆగాడు. ఎడంచెయ్యి చాపి, ఎగరొప్పుతూ, ఎవరైనా అందుకుంటారని చూస్తూ నిలబడ్డాడు.

జనం నవ్వారు. వాళ్ళకేం తెలుసు? ఆయనకి వినపడేలా ఏదో అరిచాను కానీ ఆయన చూపు నా వైపు లేదు. ఈలోపు మాస్టారు వచ్చి, "కాస్త తప్పుకుంటారా?" అని, పోయినేడాదిలాగే పక్కనుంచి వెళ్ళిపోయారు.

మామగారు గెలిచిన సంగతి మైకులో చెబుతున్నారు. ఆయన వినడం లేదు. నా చేతుల్లో గాలి పెట్టి, వెనక్కి తిరిగి చూశారు. చూసి గీత దగ్గరికి వెళ్ళారు. జెండా ఆవిడ వద్దు వద్దంటున్నా వినలేదు. గీతకి నా వైపునే నిలబడి రెండు చేతులూ చాపారు.

"ఇటివ్వవోయ్."

"లోపలికి రావచ్చా?" అన్నాడు ఎదురాయన. నిజంగానే అడిగాడు.

"ఆపరేటర్ పోయి చాలా కాలమైంది. రా."

ఎదురాయన ముందు తన కాళ్ళకి దుమ్ముందేమోనని చూసుకున్నాడు. తర్వాత గీత దాటి అడుగుపెట్టాడు. మూడో స్థానం.

సాయంత్రం సందు మొదట్లోనే మమ్మల్ని ఆపేశారు. టీ కొట్టు ఇప్పుడు పెద్దాయన కొడుకు చూసుకుంటున్నాడు. అతను గల్లాపెట్టె వదిలేసి రోడ్డు మీదికి వచ్చాడు. మందుల షాపాయన కూతురు మెట్లు దిగివచ్చింది. "తాతా, మా నాన్న పోయేదాకా ఇదే అడిగాడు. ఇంతకీ ఎవరు జోరు? తేలిందా?" అన్నాడు టీ కొట్టతను. మామగారి మెడలో పతకం తళతళలాడుతూనే ఉంది. దాన్ని చూసి అతను అప్పుడే ఈల వేయబోతున్నాడు.

నేనూ ఆగాను. ఈ మనిషి ఈ ఒక్క మాట చెప్పడం కోసమే ఇన్నేళ్ళూ బతికున్నారు. నేనే ముందు అనడానికి మెడలో సాక్ష్యం కూడా ఉంది.

"తేల్లేదురా" అన్నారు మామగారు. "ఇద్దరం ఒకేసారి గుమ్మం దగ్గరికి వచ్చాం. నాకు లోపల మా కోడలుంది, చేతులు చాపింది. అతనికి ఎవరూ లేరు."

నాకు కళ్ళు నిండాయి. నలభై ఏళ్ళలో ఈయన నన్ను ఒక్కసారి మెచ్చుకోలేదని మా అమ్మకి చెప్పుకుని ఏడ్చినదాన్ని నేను. ఇప్పుడు రోడ్డు మధ్యన నిలబడి ముక్కు తుడుచుకోవడానికి కొంగు దొరక్క తంటాలు పడ్డాను.

మర్నాడు పొద్దున్నే కిటికీలోంచి చూస్తే సందులో ఇద్దరున్నారు. ఎదురాయన చొక్కాకి నేను కుట్టిన నెంబరు ఇంకా అలాగే ఉంది. మామగారు నా సుద్దముక్క తీసుకెళ్ళి గీత గీస్తున్నారు, అడ్డదిడ్డంగా. నేను మా ఆయన్ని నిద్రలేపి, టీ కూడా తాగనివ్వకుండా సందులోకి లాక్కెళ్ళి గీత అవతల నా పక్కన నిలబెట్టాను.

"నేనేం చెయ్యాలి?" అన్నారు ఆవలిస్తూ.

"చేతులు చాపి నిలబడండి. ఆ బాబాయ్‌గారికి మీరే ఆపరేటర్."

ఆయన చేతులు చాపారు. నేనూ చాపాను. మామగారు, "ఈసారి ఎవరు ముందో కచ్చితంగా తేలుతుంది" అన్నారు. "తేలకపోయినా ఏం కొంప మునగదులే" అన్నాడు ఎదురాయన. వాళ్ళిద్దరికీ తేలినా తేలకపోయినా ఒకటే కాబోలు. నాకు మాత్రం వచ్చే ఏడాది మా మామగారే గెలవాలి.